రిటైరైన నాన్నగారికి కొత్త కంప్యూటర్: ముందు ఏం నేర్పాలి, ఏం జాగ్రత్త పడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారు టీచరుగా రిటైరయ్యారు, ఊళ్లో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు, పోయిన నెల వాళ్లకి విండోస్ 11 ఉన్న కొత్త డెస్క్‌టాప్ కొనిచ్చారు. మీరుండేది బెంగళూరులో. రోజుకి నాలుగుసార్లు ఫోన్ వస్తోంది, అది పోయిందని, ఇది రావట్లేదని. నాన్నగారికి తను పాఠాలు చెప్పిన రోజుల సంగతులు తెలుగులో రాసుకోవాలని ఉంది, ఇంకా బ్యాంకు పనులు, మనవల ఫొటోలు. ముందు ఏం నేర్పాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ముందు మూడే నేర్పండి. ఒకటి, రాసింది సేవ్ చేసి, మర్నాడు దాన్ని తనంతట తాను వెతికి తెరుచుకోవడం. రెండు, దానికి ఇంకోచోట కాపీ ఉంచుకోవడం. మూడు, స్క్రీన్ మీద ఎంత భయపెట్టే మాట కనిపించినా అక్కడున్న నంబరుకి ఫోన్ చేయకుండా ఆగడం. ఈ మూడూ వస్తే మిగతావి నాన్నగారు ఆరు నెలల్లో వాడుతూ వాడుతూ నేర్చుకుంటారు. ఇవి రాకుండా మిగతా వంద వచ్చినా, ఏదో ఒకరోజు బాధపడే పరిస్థితి వస్తుంది.

నేను రాజమండ్రిలో 22 ఏళ్లుగా కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. ఇళ్లకి వెళ్లి చూస్తాను కాబట్టి పెద్దవాళ్లు ఎక్కడ తడబడతారో దగ్గర్నుంచి చూశాను. మిషన్ పాడైందని వచ్చేవాళ్లని ఎలాగోలా సంతోషంగా పంపగలను. లోపలున్నవి పోయాయని వచ్చేవాళ్లలో చాలామందికి ఏమీ చేయలేకపోయాను. అందుకే నా మాటలన్నీ ఆ వైపు నుంచే వస్తాయి.

ముందు సేవ్ సంగతి. కొత్తవాళ్లకి సేవ్ బటన్ నొక్కడం ఒక్కరోజులో వస్తుంది, కానీ అది ఎక్కడికి వెళ్లిందో తెలియదు. మర్నాడు వర్డ్ తెరిస్తే తెల్ల కాగితం కనిపిస్తుంది, నిన్న రాసిందంతా పోయిందనుకుని మీకు ఫోన్ చేస్తారు. కాబట్టి డాక్యుమెంట్స్‌లో నాన్నగారి పేరుతో ఒకే ఒక ఫోల్డర్ చేయండి, పేరు తెలుగులోనే పెట్టండి, విండోస్ దానికి అభ్యంతరం చెప్పదు. ఏది రాసినా అందులోకే. ఫైలు పేరులో తేదీ ఉండాలి. ఆయనకి పరీక్ష పెట్టండి: కంప్యూటర్ ఆపించి, టీ తాగి వచ్చాక మళ్లీ ఆన్ చేసి, నిన్నటి ఫైలు తెరవమనండి. మీరు మౌస్ ముట్టుకోకూడదు. మూడు రోజులు వరుసగా తెరవగలిగితే ఆ పాఠం అయిపోయినట్టే. రాస్తున్నంతసేపూ, పేరా పూర్తయినప్పుడల్లా కంట్రోల్ ఎస్ నొక్కడం అలవాటు చేయండి. కరెంటు పోతే వర్డ్ తనంతట తాను కొంత తిరిగిస్తుంది గానీ, మామూలుగా అది పది నిమిషాలకోసారే గుర్తుపెట్టుకుంటుంది. ఆ మధ్యలో రాసింది దక్కుతుందన్న నమ్మకం లేదు.

దాంతోపాటు కంట్రోల్ జెడ్ చెప్పండి. చేసిన పనిని వెనక్కి తీసుకునేది అదే. పెద్దవాళ్లు కంప్యూటర్ ముందు చేతులు ముడుచుకుని కూర్చోవడానికి అసలు కారణం, ఏదైనా నొక్కితే పాడైపోతుందేమోనన్న భయం. పేజీ మొత్తం సెలెక్ట్ చేయించి, డిలీట్ నొక్కించి, కంట్రోల్ జెడ్‌తో తిరిగి తెప్పించండి. నేను ఇది చూపించిన ప్రతిచోటా ఆ మనిషి భుజాలు కిందికి దిగడం కళ్లారా చూశాను. ఫైలు డిలీట్ చేసినా రీసైకిల్ బిన్‌లో ఉంటుందని, అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవచ్చని కూడా చూపించండి. ఒక్క మినహాయింపు: పెన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌కి రాదు, నేరుగా పోతుంది.

కొత్త మిషన్లలో ఇంకో చిక్కు ఉంది. విండోస్ 11 మొదటిసారి సెటప్ చేసేటప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లని తరచుగా వన్‌డ్రైవ్‌కి, అంటే ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే చోటికి, కలిపేస్తుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఫొటోలు వేయగానే అది నిండిపోయి, చోటు లేదు, డబ్బు కట్టండి అని రోజూ మెసేజ్ వస్తుంది. అది చూసి, చోటు ఖాళీ చేద్దామని వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఫొటోలు డిలీట్ చేసేవాళ్లున్నారు. అక్కడ తీసేస్తే కంప్యూటర్లోనూ పోతాయి, రెండూ ఒకే ఫైలు కాబట్టి. కొన్నాళ్లు వన్‌డ్రైవ్ రీసైకిల్ బిన్‌లో ఉంటాయి, వెంటనే గమనిస్తే దొరుకుతాయి. మీరు ఈసారి ఊరెళ్లినప్పుడు టాస్క్‌బార్‌లో కుడివైపున్న మేఘం గుర్తు నొక్కి, ఏ ఫోల్డర్లు కలిసున్నాయో చూడండి. డాక్యుమెంట్స్ కలిసి ఉండటం మంచిదే, రాసినవి ఎంత రాసినా 5 జీబీ దాటవు. పిక్చర్స్ మాత్రం విడదీయండి.

ఇక కాపీ సంగతి, దీనిమీద కొంచెం ఎక్కువ రాస్తాను. కొన్నేళ్ల క్రితం రిటైరైన సర్వేయర్ గారొకాయన నా దగ్గరికి సీపీయూ పట్టుకొచ్చారు. ఆరేళ్లపాటు తిరిగి, గోదావరి జిల్లాల్లో ఉన్న బంధువులందరినీ అడిగి, వాళ్ల వంశవృక్షం టైప్ చేసుకున్నారు. ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ టిక్, టిక్, టిక్ అంటోంది. ఆ చప్పుడు వింటే మా పనిలో ఉన్నవాళ్లకి గుండె జారుతుంది, లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిన్నట్టు లెక్క. హైదరాబాద్‌లో డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపాం, ప్లేటు మీద గీతలు పడ్డాయి, రాదన్నారు. అప్పటికి ఆయనకి వివరాలు చెప్పిన పెద్దవాళ్లలో సగం మంది లేరు. మళ్లీ ఎవర్ని అడగాలి? ఆ మొత్తం ఫైలు సైజు చూస్తే పది ఎంబీ కూడా ఉండదు, ఒక్క మెయిల్‌లో పట్టేది. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్లినా, పిలిచిన పని ఏదైనా సరే, కాపీ ఉందా అని అడగకుండా రాను.

మీది కొత్త మిషన్, అందులో హార్డ్ డిస్క్ బదులు బహుశా ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్క్, ఉంటుంది. వేగంగా ఉంటుంది, కింద పడ్డా దెబ్బ తక్కువే. కానీ హార్డ్ డిస్క్ టిక్ టిక్ మని హెచ్చరించినట్టు ఎస్‌ఎస్‌డీ ఏ సూచనా ఇవ్వకపోవచ్చు, నిన్నటిదాకా పనిచేసి ఇవాళ అసలు కనిపించకపోవచ్చు. కాబట్టి కొత్తది కదా అని ధీమాగా ఉండొద్దు.

ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. నెలకోసారి, పెన్షన్ పడే రోజున, నాన్నగారి ఫోల్డర్నీ ఫొటోల ఫోల్డర్నీ దాంట్లోకి కాపీ చేయడం. తేదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పెన్షన్ రోజు ఎవరూ మర్చిపోరు. కాపీ అవగానే టాస్క్‌బార్‌లో ఎజెక్ట్ నొక్కి, డిస్క్ తీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించి ఉంచకూడదు. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది, మన ఆంధ్రాలో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అలాంటివి ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడుగుతాయి, ఆ సమయానికి తగిలించి ఉన్న డిస్కుకీ తాళం పడుతుంది. బీరువాలో ఉన్నదాని జోలికి రాలేదు. ఇక రాతల ఫైళ్లు మాత్రం వారానికోసారి మీకు మెయిల్ చేయించండి. మూడోచోట కాపీ అవుతుంది, మీకు చదువుకోవడానికీ ఉంటుంది.

వనాక్రై ప్రస్తావన వచ్చింది కాబట్టి అప్‌డేట్ల గురించి కూడా ఇక్కడే. ఆ దెబ్బకి అడ్డుకట్ట వేసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ ఆ ఏడు మార్చిలోనే, అంటే రెండు నెలలు ముందే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు. అప్‌డేట్ నడుస్తుంటే, ఆపొద్దు అని స్క్రీన్ మీద కనిపిస్తుంటే, అరగంటైనా సరే వదిలేయమని చెప్పండి. ఇది చదివేవాళ్లలో ఇంకా విండోస్ 10 వాడేవాళ్లుంటే ఒక మాట: దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు 'ఐ5 మిషన్' (ఐ5 అన్నది ఇంటెల్ ప్రాసెసర్ పేరు) అనగానే ఒప్పుకోకండి, ఎన్నో జనరేషనో అడగండి. ఐ5 4570 అంటే నాలుగోది, 8400 అంటే ఎనిమిదోది. ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ కంటే పాతవాటికి, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఇవ్వరు.

మూడోది, భయపెట్టే స్క్రీన్లు. మా వీధిలోనే ఉండే ఒక టీచరమ్మ గారు వంటల వీడియోలు చూసేవారు. ఏదో సైట్‌లో అలౌ అన్న బటన్ నొక్కారు. ఆ రోజు నుంచి స్క్రీన్ కుడివైపు కింద, మీ కంప్యూటర్లో అయిదు వైరస్‌లున్నాయి అని ఎర్రటి బొమ్మలు వరుసగా రావడం మొదలైంది. ఒకరోజు స్క్రీన్ మొత్తం నిండా వచ్చి, చెవులు పగిలే బీప్, కింద ఒక టోల్ ఫ్రీ నంబరు. పాపం టెన్షన్‌తో చేశారు. అవతలివాడు చక్కగా మేడమ్ మేడమ్ అంటూ ఒక యాప్ వేయించి, ఆ మిషన్ తన చేతుల్లోకి తీసుకుని, రిఫండ్ అనీ టెస్ట్ అనీ చెప్పి, ఖాతాలోంచి డబ్బు లాగేశాడు. ఆవిడ ఎవరికీ చెప్పుకోలేక రెండు రోజులు అన్నం మానేశారు. ఆ రెండు రోజులే ఖరీదైనవి. వెంటనే చెప్పి ఉంటే డబ్బు ఇంకా దారిలో ఉండగానే ఆపే అవకాశం ఉండేది.

అందుకని అమ్మగారికీ నాన్నగారికీ ఇద్దరికీ ఇలా చెప్పండి: కంప్యూటర్ కంపెనీవాళ్లు స్క్రీన్ మీద ఫోన్ నంబరు ఇచ్చి, చేయండి అని ఎప్పుడూ అడగరు. స్క్రీన్ నిండా వచ్చి కదలకపోతే ఎస్కేప్ నొక్కాలి, అప్పటికీ పోకపోతే ఆల్ట్ ఎఫ్4, అదీ కాకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి ఆపేయడం. అంతే, ఏమీ కాదు. అలౌ నొక్కేసి ఉంటే క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ లోకి వెళ్లి, అక్కడున్న తెలియని సైట్లన్నీ తీసేయండి. మీరైతే ఇంకో మెట్టు ముందుకెళ్లి, అసలు ఏ సైటూ నోటిఫికేషన్ అడగకుండా అక్కడే ఆపేయండి. నా అనుభవంలో ఇంట్లో వైరస్ వచ్చిందని పిలిచే కేసుల్లో చాలావరకు ఈ ఒక్క సెట్టింగే. అయిదు నిమిషాల పని, దీనికి ఫార్మాట్ చేయాలని చెప్పేవాళ్లని నమ్మకండి.

1930 నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించండి. సైబర్ మోసం జరిగితే దానికి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టాలి, బ్యాంకుకీ చెప్పాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, గదిలోంచి కదలొద్దు అనేవాళ్లు ఇప్పుడు రిటైరైనవాళ్ల వెంటే పడుతున్నారు, చేతికి డబ్బొచ్చి ఉంటుందని. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అన్నదే లేదు. ఈ మాట నాన్నగారికి మీ నోటితో చెప్పండి. అన్నిటికంటే ముఖ్యంగా, మోసపోయినా మీరు కోప్పడరని వాళ్లకి తెలియాలి. తిడతారేమోనన్న భయంతోనే చాలామంది దాచిపెడతారు.

బ్యాంకు గురించి ఒక మంచి వార్త. రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో మన బ్యాంకులు తమ వెబ్‌సైట్లని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ చిరునామాకి మార్చాయి, దానికి గడువు 2025 అక్టోబర్ 31. ఆ చిరునామా బ్యాంకులకి తప్ప ఎవరికీ ఇవ్వరు, ఇచ్చేది హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ. కాబట్టి నాన్నగారి బ్యాంకు సైటుని మీరే ఒకసారి సరిగ్గా తెరిచి బుక్‌మార్క్ చేసి పెట్టండి. గూగుల్లో బ్యాంకు పేరు కొట్టి, పైన వచ్చిందాన్ని నొక్కే అలవాటు వద్దు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతకడం అంతకంటే వద్దు, అది పాస్‌బుక్ మీదో, ఏటీఎం కార్డు వెనకో ఉంటుంది.

ఇప్పుడు కరెంటు. మన ఊళ్లలో ఎండాకాలం సాయంత్రం గాలివాన వచ్చిందంటే కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ కొన్నారా? మీరు రాయలేదు. లేకపోతే ఈ వారమే కొనండి, ఇంటికి 600 వీఏది సరిపోతుంది. పది నిమిషాలో పావుగంటో ఇస్తుంది, అది పని పూర్తి చేసుకోవడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి. ఇది నాన్నగారికి స్పష్టంగా చెప్పాలి, లేకపోతే బీప్ బీప్ మంటున్నా రాస్తూనే ఉంటారు. లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లకి మార్చాలి. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి తగిలించకూడదు, అది వేడెక్కేటప్పుడు లాగే కరెంటుకి యూపీఎస్ తట్టుకోదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, అది వేయకపోతే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది.

అంతకంటే ముఖ్యం ఎర్తింగ్. వట్టి కాళ్లతో ఉన్నప్పుడు క్యాబినెట్ రేకు తగిలి ఎప్పుడైనా సన్నగా జివ్వుమందా అని నాన్నగారిని అడగండి. అవునంటే ఎర్త్ సరిగ్గా లేనట్టే. చాలా పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ లోపల మూడో వైరు ఉండదు. కొందరైతే ప్లగ్‌కి ఉన్న లావు పిన్ను విరగ్గొట్టి మరీ రెండు పిన్నుల దాంట్లో పెడతారు, అది చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి, మనుషుల ప్రాణానికి సంబంధించిన విషయం. పిడుగులు పడేటప్పుడు కంప్యూటర్ ప్లగ్, వైఫై డబ్బా ప్లగ్ రెండూ పీకేయాలి. ఫైబర్ తీగ గాజుది, దాంట్లో కరెంటు రాదు, కానీ ఆ డబ్బా అడాప్టర్ గోడకే కదా తగిలించి ఉండేది.

క్యాబినెట్‌ని నేల మీద పెట్టకండి, ఒక జానెడు ఎత్తులో స్టూలు మీద పెట్టండి, గోడకి ఆనించకుండా. అమ్మగారు దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతారు, మంచిదే, కానీ ఆన్ చేసేముందు తీయాలి, వేడి బయటికి పోవాలి. వెనకాల రేకు పట్టీలు ఊడి కన్నాలుంటే మూయించండి. వెచ్చగా ఉంటుందని బల్లులు లోపలికి దూరతాయి. పవర్ సప్లైలో బల్లి పడి షార్టయిన కేసులు నేను ఏడాదికి రెండు మూడు చూస్తాను, వానాకాలంలో ఇంకా ఎక్కువ.

ఇప్పుడు చెప్పేది చాలామందికి తెలియదు, దయచేసి ఇది వదిలేయకండి. సెటప్ చేసిన షాపువాళ్లు మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఎవరి మెయిల్‌తో చేశారో చూడండి. తొందరగా పని అయిపోవాలని కొందరు తమ మెయిల్‌తోనే చేసేస్తారు. విండోస్ 11 ఉన్న కొత్త మిషన్లలో డిస్క్‌కి తనంతట తానే తాళం పడే ఏర్పాటు ఉంటుంది, బిట్‌లాకర్ అంటారు. మామూలుగా మీకు తెలియను కూడా తెలియదు. ఎప్పుడైనా మదర్‌బోర్డ్ మార్చినా, బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయినా, నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ ఉండేది ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో. అకౌంట్ షాపతనిది, అతను షాపు మూసేసి వెళ్లిపోయాడు, ఇక చిన్నారి పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ లోపలే. ఇలాంటి కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది, కీ లేకుండా ఎవరూ తెరవలేరు, నేనూ తెరవలేకపోయాను. ఇప్పుడే నాన్నగారి సొంత మెయిల్‌తో అకౌంట్‌లోకి వెళ్లి, ఆ కీ ప్రింట్ తీసి, ఇంటి కాగితాలతోపాటు పెట్టండి.

పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాయకూడదంటారు. ఆఫీసుకి అది సరే. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకి మాత్రం, ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోమనే చెప్తాను. బీరువాలోకి వచ్చే దొంగకి ఆ పుస్తకం అక్కర్లేదు. మానిటర్‌కి అంటించడం, అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టడం, ఈ రెండూ మాత్రం వద్దు. మెయిల్ పాస్‌వర్డ్ వేరేగా, గట్టిగా ఉండాలి, ఎందుకంటే మిగతావన్నీ మర్చిపోయినప్పుడు మార్చుకునే దారి అదే. మెయిల్‌కి ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా? పాత సిమ్ వదిలేస్తే కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇక నాన్నగారి అసలు కోరిక, తెలుగులో రాసుకోవడం. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్ లోకి వెళ్లి తెలుగు చేర్చండి. తర్వాత తెలుగు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ వేయండి. 2019 మే అప్‌డేట్ నుంచి ఇది విండోస్‌లోనే వస్తోంది, ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడుతుంది. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే తెలుగు నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి తెలుగుకి. ఈ మీట గురించి చెప్పకపోతే మీకు వచ్చే నాలుగు ఫోన్లలో రెండు దీనికే, 'పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు' అని. ఎక్కువ రాయాలనుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక ఇంకా మంచిది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి, తెలుగు మాస్టారికి ఆ అమరిక ఇట్టే అర్థమవుతుంది. నెల రోజులు చేతులు నొప్పెడతాయి, ఆ తర్వాత ఇంగ్లీషులో ఆలోచించి కొట్టే అవసరమే ఉండదు.

వేళ్లు సహకరించకపోతే ఇంకో దారి. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్ నొక్కి, భాష తెలుగు పెడితే ఆయన చెప్తుంటే అదే రాసుకుపోతుంది. మైక్ కావాలి, నెట్ ఉండాలి, ఫుల్‌స్టాప్‌లు, పేర్లు తర్వాత చేత్తో దిద్దుకోవాలి. యాసలో మాట్లాడితే తప్పులు పడతాయి, నిదానంగా పాఠం చెప్పినట్టు చెప్తే బాగా పడుతుంది, అది నాన్నగారికి అలవాటే కదా. డాక్స్‌లో రాసింది ఎప్పటికప్పుడు తనంతట తానే సేవ్ అవుతుంది.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి: రాసేది యూనికోడ్‌లోనే, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఫోన్లోనైనా చదవడానికి వచ్చే అక్షరాల పద్ధతిలోనే. ఎవరో డీటీపీ తెలిసినవాళ్లు వచ్చి, అచ్చుకి బాగుంటుందని, యూనికోడ్ కాని 'అను' అనే రకం ఫాంట్లు వేసి పెడతారు. వాటిలో రాసింది ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే చిత్రమైన ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి, వెతికితే దొరకదు, ఫోన్లో చదవడానికి రాదు. కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర తప్పులు పోతాయి, వందల పేజీలు మళ్లీ దిద్దాలి. అక్షరాలు అందంగా కావాలంటే యూనికోడ్‌లోనే ఉచితంగా బోలెడున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని అష్టదిగ్గజాల పేర్లతోనే ఉన్నాయి. అవి వేసి చూపించండి, తెలుగు మాస్టారైతే ముఖం వెలిగిపోతుంది.

పెన్‌డ్రైవ్ ఒకటి మిగిలింది. ప్రింట్ కోసం జిరాక్స్ షాపుకి తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్ అక్కడి వైరస్‌ని ఇంటికి తెస్తుంది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి, ఫైళ్లు పోయాయనిపిస్తుంది. పోలేదు, దాక్కుని ఉంటాయి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ నొక్కితే చాలావరకు కనిపిస్తాయి. ఒకవేళ కనిపించకపోయినా ఫార్మాట్ మాత్రం చేయనివ్వకండి, తెలిసినవాళ్లు వెనక్కి తేగలరు. ప్రింట్ తీయించే పెన్‌డ్రైవ్ వేరే, ఇంట్లో వాడేది వేరే ఉంచండి. యాంటీవైరస్ కొనాలా అంటే, ఇంటికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, అప్‌డేట్లు ఆపకుండా ఉంటే. కానీ ఎవరైనా డబ్బు కట్టకుండా దొంగ మైక్రోసాఫ్ట్ ఆఫీస్ (వర్డ్ లాంటివి ఉండేది) వేయడానికి డిఫెండర్ ఆఫ్ చేస్తామంటే ఒప్పుకోకండి. ఆఫీస్ లేకపోతే లిబ్రే ఆఫీస్ వేయండి, ఉచితం, తెలుగు చక్కగా వస్తుంది.

నేర్పే పద్ధతి. అక్షరాల సైజు 125 లేదా 150 శాతానికి పెంచండి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే, స్కేల్. మౌస్ వేగం, డబుల్ క్లిక్ వేగం రెండూ తగ్గించండి. చెయ్యి కుదరడానికి ఓ వారం సాలిటేర్ ఆడనివ్వండి, 1990 నుంచి ఎంతమందికో మౌస్ పట్టుకోవడం నేర్పిన ఆట అది. మీరు చెప్తుంటే ఆయన తన చేతిరాతతో, తన మాటల్లో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మీరు టైప్ చేసిచ్చిన కాగితాలు పనికిరావు, నేను ఎంతమందికో ఇచ్చి చూశాను.

ఏదైనా వింతగా ప్రవర్తిస్తే మీకు ఫోన్ చేసేముందు రీస్టార్ట్ చేయమనండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా అదే కదా అనుకుంటారు, కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న మిషన్లలో షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ కొంత భాగాన్ని దాచుకుని మర్నాడు అదే తెరుస్తుంది, చిక్కు కూడా దాంతోపాటే వస్తుంది. రీస్టార్ట్‌లోనే అంతా కొత్తగా మొదలవుతుంది. అప్పటికీ పోకపోతే క్విక్ అసిస్ట్ ఉంది, విండోస్‌లోనే వస్తుంది, మీ వైపు వచ్చిన కోడ్ చెప్తే వాళ్ల స్క్రీన్ మీకు కనిపిస్తుంది. మోసగాళ్లూ ఇలాంటివే వాడతారు కాబట్టి దీనికి షరతు పెట్టుకోండి: ఫోన్ వాళ్లే మీ నంబరుకి చేయాలి, మీ గొంతు విన్నాకే కోడ్ కొట్టాలి, ఇంకెవరడిగినా కొట్టకూడదు.

మిషన్ మోడల్, ర్యామ్ ఎంతో, ఎస్‌ఎస్‌డీయా కాదా అన్నది రాయండి, అవసరమైతే ఏం మార్చాలో చెప్తాను. ఎర్తింగ్ సంగతి మాత్రం దానికోసం ఆగకండి, రేపు పొద్దున్నే నాన్నగారిని అడగండి.